పటేలు వేసిన కుర్చీ

మా తమ్ముడి కూతురు స్రవంతి మొన్న ఆదివారం సంచీ నిండా పుస్తకాలతో వచ్చింది. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. సమాజశాస్త్రం తీసుకుంది. డిగ్రీలో నేనూ అదే చదివానని వాళ్ల నాన్న చెప్పాడట. కోచింగ్ సెంటరు వాళ్లిచ్చిన కాగితం ఒకటి బల్ల మీద పరిచింది. అందులో మూడు గడులు. మొదటి దాంట్లో ప్రకార్యవాదం, రెండో దాంట్లో సంఘర్షణవాదం, మూడో దాంట్లో ప్రతీకాత్మక పరస్పరచర్యావాదం. "పెదనాన్నా, ఇవి బట్టీ పట్టిన. కానీ ఒకటే సంగతిని మూడు తీర్ల చూసి రాయమంటున్నరు. ఏదన్న ఒక ఉదాహరణ చెప్పు, రాసుకుంట," అంది. పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వరండాలోకి పోయాను, వచ్చాను, మళ్లీ పోయాను. ఆ మూడు పేర్లు ఒక్కచోట కనబడితే నాకు ఇప్పటికీ తడిసిన గొంగడి వాసన వస్తుంది. ఒక ఇనుప కుర్చీ కళ్ల ముందు నిలబడుతుంది.

మాది పాలకీడు పక్కన చిన్న పల్లె. తాతల నాటి నుంచి గొర్రెల ఇల్లు. మా ఇంట్లో గోడకు, దుప్పటికి, నా పుస్తకాల సంచికి, చివరికి తాగే మంచినీళ్లకు కూడా జీవాల వాసన ఉండేది. గొర్రెలను మేము జీవాలనే అనేవాళ్లం. అమ్మ చీకటితోనే లేచి జొన్న గటక వండి చల్లారబెట్టేది. నాయిన మందను ఊరి బయట నిలబెట్టి వచ్చి, ఒక కాలు గడప మీద, ఒక కాలు వాకిట్లో పెట్టి నిలబడే దాన్ని అంబలిగా కలుపుకుని తాగేవాడు. మా నాయిన మల్లయ్య ఇంట్లో తీరుబడిగా కూర్చోగా నేను చూసిన రోజులు తక్కువ. పండుకోవడం మందలోనే. ఎప్పుడన్నా జ్వరం వచ్చి ఇంట్లో పండుకోవాల్సి వస్తే కప్పు మీద పడుతుందేమో అన్నట్టు పైకి చూస్తూ ఉండేవాడు. పొద్దుగూకేటప్పుడు మంద చుట్టూ కట్టిన తడికెల మధ్య సందు దగ్గర నిలబడి, లోపలికి పోయే ఒక్కొక్క జీవం వీపును చేత్తో తాకేవాడు. లెక్కపెట్టేవాడు కాదు. అన్నీ పోయినాక, "బొల్లిదాని నడిపి బిడ్డ రాలే," అనేవాడు. వెతకబోతే అదే తప్పిపోయి ఉండేది.

వానాకాలం పంట కోతలు కాగానే మంద ఇల్లు విడిచేది. నాయినతో అమ్మా కదిలేది. బడి లేనప్పుడు నేనూ వెంట నడిచేవాణ్ని. కోసిన పొలాల్లో రాత్రిపూట మందను పడుకోబెడితే, పెంట, మూత్రం పడి భూమికి బలం వస్తుంది. దాన్నే మంద పెట్టడం అంటారు. ఒక రాత్రి ఒక మూల, మర్నాడు తడికెలు జరిపి పక్క మూల, అట్లా పొలమంతా తిరిగి వచ్చేవాళ్లం. అందుకు పొలం ఆసామి వడ్లు ఇచ్చేవాడు. అక్కడున్నన్ని రోజులూ సాయంత్రం అన్నం ఆయన ఇంటి నుంచే వచ్చేది. ఎన్ని ఊళ్లు తిరిగినా మాకు అసలు చోటు కోదాడ దగ్గరి చిలుకూరు అవతల ఒక పటేలు పొలం. మా తాత పెట్టిన మంద ఆ పొలంలోనే, మా నాయిన పెట్టిందీ అక్కడే.

పటేలు పొద్దున్నే చేతికర్ర ఊపుకుంటూ వచ్చేవాడు. వస్తూనే తిట్లు. "ఏమోయ్ మల్లయ్యా, జీవాలు బక్కచిక్కినయ్యే. మేపుతున్నావా, ఊరికే తిప్పుతున్నావా?" అనేవాడు. "నీ పొలంల గడ్డి తిన్నంక సూడు పటేలా, లేపితే లేవయ్," అని నాయిన జవాబిచ్చేవాడు. ఆ తర్వాత పటేలు చుట్ట తీసి, పొలం ఒడ్డు మీద పరిచిన గొంగడిలో ఒక కొసన కూలబడేవాడు. నాయిన మరో కొసన కూర్చునేవాడు. మధ్యలో చుట్ట నిప్పు అటూ ఇటూ తిరిగేది. తెల్లపంచె నిండా ఉన్ని అంటుకుంటే లేచేటప్పుడు మళ్లీ తిట్టేవాడు. ఆయన పెద్ద ఆసామి, మేము గొర్రెలోళ్లం. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మరచిపోయేవారు కాదు. అయినా గొంగడి మీద కూర్చున్నంతసేపు వాన గురించి, కాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. కడపటి రాత్రి పటేలు భార్య స్వయంగా అన్నం తెచ్చి పోతు గొర్రె నుదుట బొట్టు పెట్టేది. అమ్మ ఆమెకు జున్ను ఇచ్చేది. మళ్లీ ఏడాది రమ్మని ఎవరూ ఎవరితో అనేవాళ్లు కాదు. అనాల్సిన అవసరమే ఉండేది కాదు.

నేను సూర్యాపేటలో డిగ్రీలో చేరాను. బస్టాండు దగ్గర్లో రేకుల గది కిరాయికి తీసుకున్నాం. నాతో ఉన్నవాళ్లు నా గొంగడిని కిటికీ బయట వేలాడదీయమని పోరు పెట్టేవాళ్లు. సమాజశాస్త్రం చెప్పే సదాశివం సారుకు పద్ధతి అంటే ప్రాణం. గొడుగు ఒకే మేకుకు తగిలించేవాడు. సుద్దముక్కలు బల్ల మీద పొడుగు వారీగా పేర్చుకునేవాడు. పాఠం చెప్పేటప్పుడు బస్సుల హారన్లు వినబడితే కోప్పడకుండా వాటినే వాడుకునేవాడు. "బస్టాండు చూడండి. డ్రైవరున్నాడు, కండక్టరున్నాడు, చాయ్ అమ్మేవాడున్నాడు. ఎవరి పని వాళ్లు చేస్తే బస్టాండు నడుస్తుంది. ఒంట్లో అవయవాల లాగా. ఇది ఒక చూపు. అదే బస్టాండులో సీటు ఎవరికి దొరుకుతుంది, టాపు మీద ఎవరెక్కుతారు, ఆ ఏర్పాటు ఎవరికి లాభం అని అడిగితే రెండో చూపు. టికెట్టు ఇచ్చేటప్పుడు కండక్టరు ఎవరిని అయ్యా అంటాడో, ఎవరి మొహం కూడా చూడడో, దాన్ని ఆ మనిషి ఎట్లా తీసుకుంటాడో గమనిస్తే మూడో చూపు." ఆయన మనసు మొదటి చూపు మీదే ఉండేది. మిగతా రెండూ న్యాయంగా చెప్పేవాడు, కానీ మొదటిది చెప్పేటప్పుడు గొంతులో ఒక నిమ్మళం వచ్చేది. మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి తెచ్చి మూడు వైపుల నుంచీ రాయండి అని సెలవులకు ముందు మాకు పని పెట్టాడు.

ఆ సెలవుల్లోనే అది జరిగింది. నేనూ అమ్మా నాయినా మందతో చిలుకూరు దాటేసరికి పొద్దు వాలింది. జీవాలు అలసి ఉన్నాయి. పటేలు పొలం దగ్గరపడుతుంటే ముందుండే నల్లచెవుల గొర్రె నడక పెంచింది. ఏటా అంతే. దానికి ఆ చోటు తెలుసు. ఒడ్డు దిగితే తాము పండుకునే మూల వస్తుందని తెలుసు. నాయిన దాన్ని ఎన్నడూ ఆపలేదు, ఆ రోజూ ఆపలేదు. మంద మొత్తం దాని వెనక ఒడ్డు మీంచి దూకింది. ఎప్పుడూ కోసిన వరి కొయ్యకాళ్లతో ఎండి ఉండే ఆ మూలలో అప్పుడు పచ్చటి నారుమడి ఉంది. కాలువ నీళ్లు ఆ ఏడు రెండో పంటకు కూడా అందుతాయని పటేలు కొడుకు నారు పోయించాడు. మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు తోచిందో లేదో కూడా తెలియదు. మేము అరుచుకుంటూ మందను బయటికి మళ్లించేసరికి నారు చాలావరకు పోయింది, మిగిలింది బురదలో కలిసింది.

పొద్దున్నే నాయిన పటేలు ఇంటికి బయలుదేరాడు. అమ్మా నేనూ వెంట పోయాం. ఆయన తిట్టబోయే తిట్లకు నాయిన సిద్ధపడే నడిచాడని నాకు తెలుసు. దారిలో ఒకసారి, "శానా తిడతడు," అని చిన్నగా నవ్వాడు కూడా. నాయినకు కావలసింది ఒక్కటే. తిట్టి, ఇంకో మూల చూపిస్తే చాలు. చూపించకపోతే ఆ ఏడు మంద పండుకోవడానికి చోటు లేదు. చోటు లేని మంద ఎన్నాళ్లో నిలవదు.

పటేలు అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. లోపలికి కేకేసి కుర్చీ తెప్పించాడు. ఆకుపచ్చ రంగు వేసిన మడత కుర్చీ, ఇనుపది. తన కుర్చీకి ఎదురుగా వేయించి, "కూర్చోండి," అన్నాడు. నాయిన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరన్నా వచ్చారేమో అని. తర్వాత గొంగడి మడిచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ కొసన కూర్చున్నాడు. కప్పూ సాసరులో టీ వచ్చింది. నాయిన నారుమడి మాట ఎత్తాడు. పటేలు చెయ్యి ఊపాడు. "పోతే పోయిందిలెండి. మళ్లీ పోసుకుంటాం. మీరు మాత్రం ఏం చేస్తారు, నోరులేని జీవాలాయె. ఇప్పుడన్నీ మా వాడే చూసుకుంటున్నాడు. యూరియా బస్తాలు కూడా దించేశాడు," అన్నాడు. ఒక్క తిట్టు లేదు. పది నిమిషాల్లో మేము వాకిలి దాటాం. పటేలు గేటు దాకా వచ్చి సాగనంపాడు.

నాకు లోపల సంతోషంగా ఉంది. మా నాయినకు పటేలు కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. కాలేజీలో చదివిన సమానత్వం ఇదే కదా అనుకుంటూ నడిచాను. అమ్మ మాత్రం అడుగడుక్కీ వెనుదిరిగి ఆ ఇంటి వైపు చూస్తోంది. ఊరు దాటినాక అంది, "ఇగ ఈ ఊరు ఖతం."

"అదేందమ్మా, మంచిగనే మాట్లాడిండు గద."

"మంచిగ మాట్లాడిండు, గదే. ఎన్నడన్న తిట్టకుండ ఉన్నడా? కుర్చీ ఏసెటోడు గొంగడి మీద ఇగ కూసోడు బిడ్డా. సుట్టాన్ని కూసోబెట్టినట్టు కూసోబెట్టి, సుట్టాన్ని పంపినట్టు పంపిండు."

నాయిన గొంగడి భుజం మార్చుకుని, "ఇనుము సల్లగున్నది," అన్నాడు. అంతే.

సూర్యాపేట పోయి ఆ సంగతే రాసి సారుకు ఇచ్చాను. ఆయన వరండాలో నిలబడే చదివాడు. ఆయనకు అది నచ్చింది. "చాలా బాగుంది. భూమికి ఎరువు కావాలి, మీకు గింజలు కావాలి. ఆ అవసరం ఉన్నన్నాళ్లు మంద పెట్టడం నిలబడింది. గొంగడి మీద కూర్చోవడం, తిట్టుకోవడం, బొట్టు పెట్టడం, ఇవన్నీ ఆ ఏర్పాటును కట్టి ఉంచిన తాళ్లు. ఇప్పుడు కాలువ వచ్చింది, యూరియా వచ్చింది. పాత అవయవం పని కొత్త అవయవం తీసుకుంది. కుర్చీ వేయడం కొత్త మర్యాద. సమాజం సర్దుకుంటుంది," అన్నాడు. "మరి మా నాయిన సార్?" అన్నాను. ఆయన గొడుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సిద్ధాంతంలో మనిషి పేరు ఉండదయ్యా," అన్నాడు. కఠినంగా అనలేదు. ఆ మాట అన్నందుకు ఆయనకూ బాధగానే ఉన్నట్టు కనిపించింది. ఆ సాయంత్రం గదిలో ఉండలేక మిర్యాలగూడ బస్సెక్కాను.

మిర్యాలగూడలో చిన్నాయిన ఉండేవాడు. నాయిన తమ్ముడు, లింగయ్య. గొర్రెలు తన వల్ల కాదని చిన్నప్పుడే పోయి రైసుమిల్లులో హమాలీ అయ్యాడు. ఆ మిల్లుల వీధిలోకి పోతే ఉడికిన వడ్ల ఆవిరి, తౌడు దుమ్ము ముక్కులో నిండేవి. చిన్నాయిన ఎర్ర తువ్వాల నెత్తికి చుట్టుకుని, బస్తాలెత్తే కొక్కెం భుజాన వేలాడదీసి, మిల్లు గోడకు ఆనుకుని చాయ్ తాగేవాడు. యూనియన్‌లో ముందుండి మాట్లాడే మనిషి. నేను కుర్చీ సంగతి చెప్తే పెద్దగా నవ్వాడు.

"కుర్చీ ఏసిండా? మా సేటు గూడ ఏసిండురా పోయిన సమ్మెకు. చాయ్ పోసిండు, తమ్మీ అన్నడు. కుర్చీల కూసోబెట్టి గేటు బందు జేసిండు. మీ సారు ఏమన్నడు?"

"సమాజం సర్దుకుంటదన్నడు."

"సర్దుకుంటది. ఎవరు జరిగితే సర్దుకుంటది? పటేలు జరిగిండా? కాలువ జరిగిందా? మీ నాయిన జరిగిండు. నీళ్లు ఆయన పొలంలకు, ఎరువు ఆయన పొలంలకు, తొవ్వ మీ నాయినకు. ఇన్నేండ్లు మంద పెంటతోని పండించుకున్నోడు ఒక మూల ఇయ్యలేడా? గట్టిగ అడగాలె. మందోళ్లందరు కలిసి అడగాలె."

"నాయిన అడగడు చిన్నాయినా."

"ఎరికే. మా అన్న గొర్రెలతోని మాట్లాడినంత మనుషులతోని మాట్లాడడు." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "వదినె ఏమన్నది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "అది గూడ నిజమే," అని లేచి బస్తాల దగ్గరికి పోయాడు.

ఆ ఏడంతా నేను సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల మధ్య బస్సుల్లోనే తిరిగాననిపిస్తుంది. సూర్యాపేటలో ఉంటే సారు మాటకు చిన్నాయిన జవాబు తోచేది. మిర్యాలగూడలో ఉంటే అమ్మ మాట గుర్తొచ్చేది. కోదాడలో దిగి మంద దగ్గరికి పోతే మళ్లీ సారు చెప్పింది కళ్లెదుట కనిపించేది. నిజంగానే అన్నీ సర్దుకుంటున్నాయి. ఒక్కో పొలం పచ్చబడుతోంది, పచ్చబడ్డ ప్రతి పొలమూ మాకు మూసుకుపోతోంది. నాయిన కాలువ కట్టల మీద, ఆ తర్వాత మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి బోడి నేలల మీద మందను తిప్పాడు. అక్కడ సిమెంటు లారీల దుమ్ము గడ్డి మీద తెల్లగా పేరుకునేది. జీవాలు దగ్గేవి. పటేలు తప్ప ఇంకో ఆసామి పిలుస్తాడేమో అని అమ్మ దారిలో ఎదురైన ప్రతి మనిషి మొహం చూసేది. ఎవరూ పిలవలేదు. నేను డిగ్రీ పూర్తి చేసి కోదాడలో ఒక పత్రికకు విలేకరిగా కుదురుకునేసరికి నాయిన మందను విడతలుగా అమ్మేశాడు. నల్లచెవులదాన్ని చివరిదాకా ఉంచాడు. అదీ పోయినాక అమ్మా నాయినా నా కిరాయి ఇంటికి వచ్చారు. అమ్మ సర్దుకుంది. పక్కింటి వాళ్ల కుర్చీలు, నవ్వులు, వాకిలి దగ్గర ఎవరెంతసేపు నిలబడతారన్నది అన్నీ ఆమెకు వారంలో తెలిశాయి. నాయిన మాత్రం పొద్దు వాలితే గేటు పట్టుకుని నిలబడేవాడు.

విలేకరి పనిలో నాకు ఆ మూడు చూపులూ రోజూ ఎదురయ్యాయి. అధికారి పరిస్థితి అదుపులో ఉందనేవాడు. నాయకుడు అన్యాయం జరిగిందనేవాడు. రెండూ రాసేవాణ్ని, రెండూ అచ్చయ్యేవి. ఆ గుంపులో ఒక మూల కూర్చున్న మనిషి చెప్పులు విడిచి వచ్చాడా, వేసుకుని వచ్చాడా, అధికారి జీపు దిగగానే ఎవరి మొహం చూశాడు, ఇవన్నీ రాస్తే మాత్రం డెస్కులో చోటు చాలక ఎగిరిపోయేవి. ముప్పై ఏళ్లు అట్లా పోయినవాటితోనే నాకు నిద్ర పట్టనిది.

ఇదంతా చెప్పేసరికి స్రవంతి పెన్ను మూత పెట్టేసింది. "సారు మాట ఒక గడిలకు వచ్చింది, చిన్నతాతది ఒక గడిలకు, నాయనమ్మది ఒక గడిలకు. మంచిగ సరిపోయింది పెదనాన్నా. మరి తాత ఏమన్నడు?"

అప్పుడు దానికి మిగతాది చెప్పాను.

నాయిన మా దగ్గరికి వచ్చిన కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం పటేలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మోకాళ్లు వంగడం లేదు. నాయిన నాపరాళ్ల గచ్చు మీద గొంగడి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. లేచి ఒక్క క్షణం ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. "యాదగిరీ, కుర్చీ తే," అన్నాడు నాతో.

చిన్నాయిన ఉంటే లెక్క తీరిందనేవాడు. సారు ఉంటే అతిథి మర్యాద అనేవాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి కుర్చీ వైపు చూడకుండా నాయిన చేతుల వైపు చూస్తోంది. నేనూ అటే చూశాను. మా గచ్చు ఎగుడుదిగుడు. పటేలు కూర్చునేటప్పుడు కుర్చీ ఊగింది. నాయిన వంగి దాని వెనక కాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కుదురుకునేదాకా వదలలేదు. తర్వాత ఆ కాలి పక్కనే తన గొంగడి మీద కూర్చున్నాడు.

"భూమి మొద్దుబారింది మల్లయ్యా. ఎన్ని బస్తాలు పోసినా గింజ రావట్లేదు. ఒక్క ఏడు మంద పెట్టిద్దామని," అన్నాడు పటేలు.

"నా దగ్గర జీవాల్లేవ్ పటేలా."

"తెలుసు. ఎవరివన్నా చూపిస్తావేమోనని."

నాయిన అమ్మ వైపు చూశాడు. అమ్మ లోపలికి పోయి నాయిన పాత మంద కర్ర తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆ సాయంత్రమే నాయిన గొంగడి భుజాన వేసుకుని పాలకీడు బస్సెక్కాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు.

వారం తర్వాత మంద కుదిరిందని కబురొస్తే, ఉతికిన బట్టలు తీసుకుని నేను చిలుకూరు అవతలికి పోయాను. పొద్దు గూకుతోంది. పాత పొలంలో అదే మూల ఖాళీగా ఉంచారు. మా దూరపు చుట్టం ఒకాయన మంద ఒడ్డు మీద ఆగిపోయి ఉంది. ఆ జీవాలకు ఆ చోటు తెలియదు. ముందుది దిగడం లేదు, వెనకవి నెడుతున్నాయి. ఒడ్డు మీద ఇనుప కుర్చీ ఒకటి, కాళ్లు మెత్తటి మట్టిలో దిగబడి ఒక పక్కకు ఒరిగి ఉంది. దానిలో పటేలు. "ఏమోయ్ మల్లయ్యా, తెల్లారేదాకా నిలబెడతావా ఏంది?" అని కేకలేస్తున్నాడు. నాయిన తడికెల సందు దగ్గర నిలబడి, మొదటిదాన్ని మెడ పట్టి మెల్లగా లోపలికి దింపాడు. మిగతావి ఒక్కొక్కటిగా కదిలాయి. ఒక్కొక్క దాని వీపు మీద చెయ్యి పెడుతున్నాడు. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ చుట్టాన్ని అడుగుతున్నాడు, "ఇది ఎవరి బిడ్డ?"